ఎడమ చెయ్యి

బంతి వేడ్ వేళ్లు దాటగానే నీకు తెలిసిపోతుంది. రింగుకి తగలదు, బోర్డుకి తగలదు. నెట్ ఒక్కసారి ఎగిరి పడుతుంది, అంతే. మూడు పాయింట్లు. కొట్టింది సరిగ్గా మీ డాలస్ బెంచి ముందు నిలబడి, మీ వాళ్ల కాళ్లకు బారెడు దూరంలో. కొట్టిన చెయ్యి దించడు. గాల్లో అలాగే పట్టుకుని నిలబడతాడు, మీ వాళ్లంతా కళ్లారా చూడాలన్నట్టు. లెబ్రాన్ జేమ్స్ వచ్చి అతని ఛాతీ మీద సరదాగా గుద్దులు గుద్దుతున్నాడు. తెల్లచొక్కాల జనం మొత్తం ఒక్క గొంతుతో లేచింది. ఆ అరుపు చెవుల్లోకి కాదు, పక్కటెముకల్లోకి దిగుతోంది.

తలెత్తి స్కోరుబోర్డు చూడు. మయామీ 88, డాలస్ 73. ఇది నాలుగో క్వార్టర్. ఆట ముగియడానికి ఇంకా 7 నిమిషాల 14 సెకన్లు.

2011 జూన్ 2, గురువారం రాత్రి. అమెరికా బాస్కెట్‌బాల్‌లో ఇంతకంటే పెద్ద వేదిక లేదు. ఎన్‌బీఏ ఫైనల్స్, రెండో ఆట. ఏడింటిలో నాలుగు గెలిచినవాళ్లదే ట్రోఫీ. మొదటిది రెండు రోజుల క్రితం ఇదే కోర్టులో 92-84తో పోగొట్టుకున్నారు. ఇదీ పోతే రెండూ పోయినట్టే. అవతల ఉన్నది మామూలు జట్టు కాదు. లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, క్రిస్ బాష్ ముగ్గురూ కిందటేడు ఎండాకాలంలో కూడబలుక్కుని ఒక్కచోట చేరారు, ఈ కప్పు కోసమే.

నువ్వు డిర్క్ నోవిట్జ్కీ. ఎత్తు ఏడడుగులు. నీలం జెర్సీ మీద 41. ఇంకో పదిహేడు రోజులకు ముప్పై మూడేళ్లు నిండుతాయి. జర్మనీలోని వూర్ట్స్‌బుర్గ్ నుంచి వచ్చావు. ఈ లీగ్‌లో ఇది నీకు పదమూడో సీజన్. ఈ పదమూడింటిలో ఒక్క ట్రోఫీ లేదు.

టైమౌట్.

బెంచి మీద కూలబడతావు. ఎవరో తువ్వాలు అందిస్తే కుడిచేత్తో తీసుకుంటావు. రెండు రోజులుగా ఏది తీసుకున్నా కుడిచేత్తోనే. ఎడమచేతి నడిమివేలుకి కట్టు ఉంది. మొదటి ఆట చివర్లో బాష్ చేతిలోంచి బంతి లాగబోయినప్పుడు ఆ వేలి కొసన స్నాయువు తెగింది. కండ లాగితే వేలు లేచేలా చేసే తాడు అది. ఆ తాడు తెగాక వేలి కొస తనంతట తాను నిటారుగా నిలబడదు. వాడిపోయిన తొడిమలా వాలిపోతుంది. అందుకే గట్టి స్ప్లింట్ పెట్టి చుట్టారు.

షాట్ కొట్టేది కుడిచేత్తోనే కదా, ఫర్వాలేదనుకున్నావు. కానీ కుడిచెయ్యి విసిరేదాకా బంతిని పట్టి ఉంచాల్సింది ఎడమ చెయ్యే. పాస్ అందుకోవాలన్నా, రింగు నుంచి తిరిగొచ్చే బంతిని పట్టుకోవాలన్నా, డ్రిబుల్ చెయ్యాలన్నా అదే. బంతి వచ్చి అరచేతిలో పడ్డ ప్రతిసారీ మోచేతి దాకా ఒక జివ్వు పాకుతుంది. పళ్లు బిగబట్టి ఊరుకుంటున్నావు. ముఖంలో కనిపించిందంటే అవతలివాడు నిన్ను ఎడమకే నెడతాడు.

పక్కన జేసన్ టెర్రీ కూర్చుని ఉన్నాడు. కాళ్ల మీద పొడుగు మేజోళ్లు, నుదుటికి పట్టీ, దండచెయ్యి మీద పచ్చబొట్టు. ఆ పచ్చబొట్టు ఎన్‌బీఏ ట్రోఫీ బొమ్మ. సీజన్ మొదలవకముందే వేయించుకున్నాడు, గెలవకుండానే. ఇప్పుడు అతని కళ్లు అవతలి బెంచి మీదే ఉన్నాయి. అక్కడ ఇంకా నవ్వులు, భుజాలు చరచుకోవడాలు. టెర్రీ ఏమనుకుంటున్నాడో నువ్వు అడగక్కర్లేదు. 2006 జట్టులో ఆడి, ఇంకా ఇక్కడ మిగిలింది మీరిద్దరే.

2006. అప్పుడూ ఫైనల్స్ ఇదే మయామీతోనే. అవతల ఇదే వేడ్. మొదటి రెండు ఆటలూ మీరే గెలిచారు. మూడో ఆట ఇదే కోర్టులో. చివరి క్వార్టర్లో ఆరు నిమిషాల పైచిలుకు మిగిలి ఉండగా 13 పాయింట్లు ముందున్నారు. ట్రోఫీ చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా ఉంది. ఆ ఆధిక్యం మంచుగడ్డలా అరచేతిలోనే కరిగిపోయింది. 3.4 సెకన్లుండగా నీకు రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. ఫ్రీ త్రో అంటే ఎదురుగా ఎవరూ ఉండరు, రింగూ నువ్వూ అంతే. మొదటిది పడింది. రెండోది పడలేదు. 98-96. ఆ తర్వాత వరసగా ఇంకో మూడు ఓడిపోయారు. వాళ్లు ట్రోఫీ ఎత్తింది మీ ఊళ్లో, మీ కోర్టు మధ్యలో.

ఆ మర్నాటి నుంచి ఒక మాట నీ వెంట పడింది. సాఫ్ట్. మెత్తనివాడు.

అసలు ఆ మాట నీకంటే ముందే ఈ దేశంలో ఉంది. యూరప్ నుంచి వచ్చే ప్రతి కుర్రాడి కోసం అది విమానాశ్రయంలోనే కాచుకుని ఉంటుంది. వీళ్లు దూరం నుంచి బాగా వేస్తారు గానీ రింగు కింద మోచేతి దెబ్బలకు నిలవరు అంటారు. క్రొయేషియా నుంచి వచ్చిన ద్రాజెన్ పెట్రోవిచ్‌నూ మొదట పోర్ట్‌లాండ్‌లో బెంచి మీద కూర్చోబెట్టారు. న్యూజెర్సీకి వెళ్లాక కసి తీరా ఆడి, ఇక్కడి కాపలాదారులకు చుక్కలు చూపించాడు. 1993 జూన్‌లో మీ బవేరియాలోనే, వాన కురుస్తున్న హైవే మీద కారు ప్రమాదంలో పోయాడు. అతనికి 28. నీకప్పుడు పదిహేను కూడా నిండలేదు. అతను తెరిచిన తలుపులోంచే నువ్వు లోపలికి వచ్చావు. తలుపైతే తెరుచుకుంది, ఆ మాట మాత్రం గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

నువ్వొచ్చినప్పుడు నీ వయసు ఇరవై. 1998లో శాన్ ఆంటోనియోలో అమెరికా కుర్రాళ్ల జట్టు మీద 33 పాయింట్లు కొట్టావు. అది చూసి డాలస్ నిన్ను తెచ్చుకుంది. 1999 ఫిబ్రవరి 5న సియాటిల్‌లో నీ తొలి ఆట. పదహారు నిమిషాలు ఆడావు. అయిదు షాట్లు వేశావు, అయిదూ తప్పాయి. ఫ్రీ త్రోల పుణ్యాన రెండు పాయింట్లు. నిన్ను కాపలా కాసినవాళ్లు భుజం తగిలిస్తే నువ్వు పక్కకు జరిగిపోయేవాడివి. డిఫెన్స్ రాదని నీ పేరులోంచి ఇంగ్లిష్ అక్షరం 'డి' తీసేసి 'ఇర్క్' అని పిలిచి నవ్వారు. ఆ ఏడాది సగటున ఆటకు 8.2 పాయింట్లు. తిరిగి వెళ్లిపోదామా అన్న ఆలోచన వచ్చింది. వెళ్లలేదు.

2007లో ఏడాది మొత్తానికి ఉత్తమ ఆటగాడివి నువ్వేనన్నారు. యూరప్ నుంచి వచ్చి ఆ పేరు పొందిన మొదటివాడివి. డాలస్ ఆ సీజన్లో 67 ఆటలు గెలిచింది. తీరా ప్లేఆఫ్స్ తొలి రౌండులోనే ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టు చేతిలో ఓడింది. ఓక్‌లాండ్‌లో లాకర్‌రూమ్‌కి వెళ్లే దారిలో చెత్తడబ్బా ఎత్తి గోడకేసి కొట్టావు. గోడకు బొక్క పడింది. ఆ ఉత్తమ ఆటగాడి ట్రోఫీ అందుకునేటప్పటికి నీ జట్టు ఇంట్లో కూర్చుని ఉంది. ఫొటోల్లో నీ ముఖం చూస్తే బహుమతి అందుకుంటున్నట్టు ఉండదు. ఎవరింట్లోనో పరామర్శకు వెళ్లినట్టు ఉంటుంది.

ఈల మోగింది. లే.

కాళ్లు సీసం పోసినట్టున్నాయి. అయినా లేస్తావు. ఏడు నిమిషాలు, పదిహేను పాయింట్లు. లెక్క వేస్తే కుదరదు. లెక్క వెయ్యకు. ఈ ఒక్క బంతి చూడు. తర్వాత ఇంకొక్క బంతి.

టెర్రీ దూసుకెళ్లి వేస్తాడు. మళ్లీ టెర్రీయే. మయామీ షాట్ రింగు అంచుకు తగిలి బయటికొస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ల జేసన్ కిడ్ మూడు పాయింట్ల గీత బయట నిలబడి కొడతాడు. షాన్ మారియన్ కూడా వేస్తాడు. టైసన్ చాండ్లర్ రింగు కింద చేతులు చాచి అరుస్తున్నాడు. అవతల లెబ్రాన్, వేడ్ దూరం నుంచే ప్రయత్నిస్తున్నారు. ఆట గెలిచేశామనుకున్నవాళ్లు వేసే షాట్లవి. ఒక్కటీ పడడం లేదు. ఫ్రీ త్రోల మీద రెండు పాయింట్లు కలిశాయి, అంతే. ఇందాక పక్కటెముకల్లోకి దిగిన అరుపు ఇప్పుడు గుసగుసగా మారుతోంది. ఇరవై వేల మందికి దగ్గర జనం ఒక్కసారి గొంతు తగ్గిస్తే గాలి పలచబడ్డట్టుంటుంది. బూట్లు నేలను రాసుకునే కీచు కూడా వినపడుతోంది.

90-86.

ఇప్పుడు బంతి నీ చేతికి వస్తుంది.

రింగుకి కాస్త దూరంలో ఉన్నావు. ఎదురుగా కాపలాదారు. మోకాళ్లు వంచుతావు, లేస్తావు. బంతి నుదుటి మీదుగా, ఎవరి చెయ్యీ అందనంత పైనుంచి వదులుతావు. అది చాలాసేపు గాల్లో ఉంటుంది. నీ షాట్ ఎప్పుడూ అంతే. మిగతావాళ్ల షాట్ రాయి విసిరినట్టు పోతుంది, నీది బావిలోకి చేద దిగినట్టు నిలువుగా దిగుతుంది.

ఎందుకలా?

వూర్ట్స్‌బుర్గ్ దగ్గర ష్వైన్‌ఫర్ట్‌లో ఒక జిమ్. అప్పటికి నువ్వింకా కుర్రాడివి. ఆట అయ్యాక జీన్స్ వేసుకున్న ఒక పెద్దాయన వచ్చి, నీకు ఆట నేర్పేది ఎవరని అడిగాడు. ఎవరూ లేరన్నావు. ఆయన హోల్గర్ గెష్విండ్నర్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పశ్చిమ జర్మనీ బాస్కెట్‌బాల్ కెప్టెన్. భౌతికశాస్త్రం, లెక్కలు తెలిసినవాడు. నీ ఎత్తు, నీ చేతుల పొడవు తీసుకుని కాగితం మీద లెక్కగట్టాడు. బంతి బల్లపరుపుగా వెళితే దానికి రింగు సన్నటి కోడిగుడ్డులా కనిపిస్తుంది. నిటారుగా పై నుంచి దిగితే రింగు నిండు చందమామ. చిన్న పొరపాటు జరిగినా పడుతుంది. కాబట్టి ఎత్తుకి వెయ్యి, ఇంకా ఎత్తుకి వెయ్యి అన్నాడు.

రాటెల్స్‌డార్ఫ్ అనే పల్లెలో ఓ బడి జిమ్ ఉంది. ప్రపంచం నిన్ను గుర్తుపట్టాక కూడా ప్రతి ఎండాకాలం నువ్వు వెళ్లేది అక్కడికే. చేతుల మీద నడవమంటాడు. కప్పలా గెంతమంటాడు. సాక్సోఫోన్ నేర్చుకోమంటాడు, పుస్తకాలు చదవమంటాడు. ఆయన తన బడికి పెట్టుకున్న పేరుకి అర్థం 'అనువర్తిత పిచ్చిపనుల సంస్థ'. అమెరికాలో ఈ పద్ధతి విన్నవాళ్లు నవ్వారు. ఆ పిచ్చిపనుల్లో ఒకటి కుడి ఎంత వేస్తే ఎడమ కూడా అంత వెయ్యడం. ఒంటికాలి మీద లేచి వెనక్కి వాలుతూ వేసే షాట్ కూడా అలాంటి సాధనలోనే గట్టిపడింది. ఏ కోచింగ్ పుస్తకమూ ఒప్పుకోని షాట్ అది. ఏడడుగుల మనిషి వెనక్కి వాలుతూ వేస్తే దాన్ని ఆపడానికి మనుషుల చేతులు చాలవు.

బంతి దిగింది. 90-88.

ఇంకొకసారి మయామీ తప్పింది. ఇంకొకసారి మీ బంతి. గడియారం నిమిషం కిందికి పడిపోతోంది.

రింగు దగ్గరికి వచ్చేశావు. ఏ చెయ్యో ఎంచుకునే వ్యవధి లేదు. శరీరమే ఎంచుకుంది.

ఎడమ.

కట్టు కట్టిన వేలి పక్కనుంచి బంతి జారి, బోర్డుకి తగిలి లోపలికి పోయింది. నొప్పి ఒక సెకను ఆలస్యంగా వచ్చింది. 90-90. ఇంకా 57 సెకన్లు.

వాళ్లు మళ్లీ తప్పారు.

ఇప్పుడు నువ్వు మూడు పాయింట్ల గీత బయట ఉన్నావు. ఒక్క క్షణం నీ ముందు ఎవరూ లేరు. ఇంత పెద్ద కోర్టులో, ఇంతమంది కళ్లముందు, నువ్వూ రింగూ. 2006లో లాగే.

లేస్తావు. వదులుతావు.

చేద దిగింది.

93-90. గడియారం మీద 26.7.

పదిహేను పాయింట్ల వెనక నుంచి వచ్చి మూడు ముందుకి. మీ బెంచి మీద అందరూ నిలబడి ఉన్నారు. నువ్వు నవ్వకు. చెయ్యి గాల్లో ఉంచకు. వెనక్కి పరిగెత్తు. ఇరవై ఆరు సెకన్లు ఎంత పొడుగో నీకు తెలుసు.

మయామీ బంతి లోపలికి వేస్తుంది. అందరి కళ్లూ వేడ్ మీద, లెబ్రాన్ మీద. ఎవరూ చూడని మూలలో మారియో చాల్మర్స్. ఖాళీగా. పాస్ వెళ్లింది. నువ్వు చూస్తూనే ఉన్నావు, నీ కాళ్లు అంత దూరం పోవు.

పడింది.

93-93. ఇంకా 24.5.

జనం మళ్లీ లేచారు. నేల అదురుతోంది. ఇంత కష్టపడి ఎక్కి వచ్చిన కొండ కాళ్ల కింద ఒక్క సెకనులో జారిపోయినట్టుంది. ఇలాంటి చోటే ఒకసారి నువ్వు విరిగిపోయావు. ఇదే కోర్టు. ఇదే మోత.

ఊపిరి తీసుకో.

బంతి మీది. ఈ ఆటలో బంతి అందిన 24 సెకన్లలోపు షాట్ వెయ్యాలి. మిగిలింది అంతకంటే అరసెకను ఎక్కువ. అంటే ఈ షాట్ మీదే. చివరిదాకా ఆగితే వాళ్లకు సమయం మిగలదు. తప్పితే ఆట అదనపు సమయానికి పోతుంది, ఈ ఊళ్లో, ఈ జనంలో, ఈ కాళ్లతో. తొందరపడి వేస్తే వాళ్లకి జవాబు చెప్పే వ్యవధి దొరుకుతుంది. బంతి కిడ్ దగ్గరుంది. అతను డ్రిబుల్ చేస్తూ గడియారాన్ని కరగనిస్తున్నాడు. తొణకడు, అరవడు.

ఇరవై.

పదిహేను.

నువ్వు పైకి వస్తావు. కిడ్ బంతి నీకిస్తాడు. ఎడమ అరచేతిలో జివ్వుమంది. ఫర్వాలేదు. తిరిగి రింగు వైపు నిలబడు.

ఎదురుగా బాష్. నీ వేలి స్నాయువు తెగింది ఇతని దగ్గర బంతి లాగబోయే. డాలస్‌లోనే పుట్టి పెరిగి, అక్కడి బడిలోనే ఆట నేర్చాడు. నీ అంత ఎత్తు ఇంచుమించు ఉంటాడు, పొడుగు చేతులు. అతనిది ఎడమచేతి వాటం. ఎడమ పక్కకు పోయేవాడి ఆలోచన అతనికి బాగా తెలుసు.

అతను దగ్గరికి వచ్చేశాడు. ఛాతీకి ఛాతీ. ఎందుకో నీకు తెలుసు. అతనికి నీ షాట్ అంటే భయం. పదమూడేళ్లుగా అందరికీ అదే భయం. వెనక్కి వాలి, ఒంటికాలి మీద లేచి వేస్తావనే అందరి లెక్క. ఇక్కడున్న ప్రతి మనిషీ అదే షాట్ కోసం చూస్తున్నాడు.

వెయ్యొచ్చు. అది నీ షాట్. పడితే నువ్వు దేవుడివి. పడకపోతే, ఈ యూరప్ వాళ్లంతా ఇంతే, దూరం నుంచి వేస్తారు గానీ లోపలికి రారు అంటారు.

కానీ ఇంత దగ్గరికి వచ్చి నిలబడినవాడి బరువు ముందుకాళ్ల మీద ఉంటుంది. వెనక్కి మళ్లడానికి అతనికి ఒక అడుగు ఎక్కువ పడుతుంది. దారి ఉంది. ఆ దారి ఎడమకి.

ఎడమకి.

తొమ్మిది.

ఎనిమిది.

బంతి నేలకి.

భుజం ముందుకు.

బాష్ ఒక అర అడుగు ఆలస్యం.

పక్కటెముకకి పక్కటెముక రాసుకుంటుంది. ఎవరిదో మోచెయ్యి. ఆగకు.

రింగు కనిపిస్తోంది.

కుడిచేతికి మార్చకు. మారిస్తే అతను అందుకుంటాడు.

ఎడమ.

కట్టుతోనే.

ఎత్తు.

వదులు.

బోర్డు.

నెట్.

95-93.

గడియారం 3.6 దగ్గర ఉంది.

మయామీ దగ్గర టైమౌట్లు మిగల్లేదు. బంతి వేడ్ చేతికి వస్తుంది. పరిగెత్తుకుంటూ దూరం నుంచి, పడిపోతూ విసురుతాడు. నీ ఊపిరి గొంతులో ఆగిపోయింది. బంతి రింగుకి కొట్టుకుని బయట పడింది.

మోత ఆగిపోయింది. అంతమంది ఒకేచోట ఉండి ఇంత నిశ్శబ్దంగా ఉండడం నువ్వెప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో మీ నీలం జెర్సీల వాళ్ల అరుపులు మాత్రమే, చిన్నగా, దూరంగా. 7 నిమిషాల 14 సెకన్ల తర్వాత మీరు కొట్టింది 22, వాళ్లు కొట్టింది 5. మీ జట్టు చివరి తొమ్మిది పాయింట్లూ నీవే.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. అవదు. మూడో ఆటలో నువ్వు 34 కొట్టినా, చివరి షాట్ నీ చేతిలోంచే వెళ్లి తప్పింది. 88-86తో మయామీ. నాలుగో ఆటకి నీ ఒళ్లు నూటొక్క డిగ్రీలు దాటి కాలిపోతోంది. బెంచి మీద తువ్వాలు కప్పుకుని వణుకుతూ, దగ్గుతూ కూర్చుంటావు. 19 షాట్లు వేస్తే ఆరే పడ్డాయి. కానీ ఆఖరి క్వార్టర్లో పది పాయింట్లు, అందులో 14.4 సెకన్లుండగా మయామీ ఆటగాడు హాస్లెమ్‌ని దాటుకుని వెళ్లి వేసినది. 86-83. అయిదో ఆట రోజు వేడ్, లెబ్రాన్ కెమెరాల ముందు దగ్గుతూ నడిచారు, నీ జ్వరాన్ని అనుకరిస్తున్నట్టు. అది చూసినప్పుడు నాకు కడుపు మండింది. నువ్వు మాత్రం ఆ రాత్రి కోర్టులోనే మాట్లాడావు. 112-103.

జూన్ 12, ఆదివారం. మళ్లీ మయామీ. మళ్లీ అదే కోర్టు, అదే తెల్లచొక్కాలు. ఇంకొక్కటి గెలిస్తే చాలు.

నీ చెయ్యి రాయి అయిపోయింది. మొదటి సగంలో పన్నెండు షాట్లు వేశావు, ఒక్కటే పడింది. మూడు పాయింట్లు. 2006 వచ్చి పక్కన కూర్చున్నట్టుంది. కానీ ఈసారి నువ్వు ఒంటరివి కావు. టెర్రీ నీ బదులు కొడుతున్నాడు, సగానికే 19. మీరు రెండు పాయింట్లు ముందున్నారు. రెండో సగంలో నీ చెయ్యి కరగడం మొదలవుతుంది. బంతి మళ్లీ నిలువుగా దిగుతోంది. చివరి క్వార్టర్లో మళ్లీ పది. పన్నెండులో ఒకటి వేసినవాడు పదమూడోది కూడా వెయ్యాలని రాటెల్స్‌డార్ఫ్ జిమ్‌లో నేర్చుకున్నావు. ఎదుటివాడి ఎముకలు విరిచేవాడినే గట్టివాడంటుంది ఈ దేశం. పదకొండు తప్పుల తర్వాత చెయ్యి వణకకుండా ఎత్తేవాడు అంతకంటే గట్టివాడని నేనంటాను.

105-95. సెకన్లు మాత్రమే మిగిలాయి. ఇక వాళ్లు అందుకోలేరు. మీ బెంచి వాళ్లు ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు.

నీ గొంతులో ఏదో ఉబికి వస్తోంది. ఆపలేవు. ఇన్ని కెమెరాల ముందు వద్దు. బూర మోగేదాకా కూడా ఆగవు. స్కోరర్ల బల్ల ఎక్కి దాటుకుని, తల వంచుకుని, లాకర్‌రూమ్‌కి పోయే దారిలో నడిచిపోతావు. వెనకాల మోత ఎవరిదో, ఎందుకో ఇక పట్టదు.

గది ఖాళీగా ఉంది. కుర్చీల మీద ఎవరివో చొక్కాలు, నేల మీద నీళ్ల సీసాలు. తువ్వాలులో ముఖం దాచుకుంటావు. పదమూడేళ్లు వెక్కి వెక్కి బయటికి వస్తున్నాయి. సియాటిల్‌లో తప్పిన అయిదు షాట్లు, ఆ ఫ్రీ త్రో, ఓక్‌లాండ్ గోడ.

తలుపు దగ్గర మీ జట్టు మనిషి ఒకతను నిలబడి పిలుస్తున్నాడు. బయట ట్రోఫీ ఇస్తున్నారు, నువ్వు లేకుండా ఎలా ఇస్తారు, రమ్మంటున్నాడు. రానంటావు. మళ్లీ పిలుస్తాడు.

ఎడమ చేత్తో కళ్లు తుడుచుకుంటావు. నడిమివేలి కొస ఇంకా నీ మాట వినడం లేదు. లేచి, తువ్వాలు పక్కన పెట్టి, తలుపు వైపు నడుస్తావు.